తువ్వాలను వేరు చేయడం

పోయినేడు మహబూబ్‌నగర్‌లో మా అమ్మాయిల హాస్టల్లో ఒకమ్మాయికి సెగ్గడ్డలు మూడోసారి తిరగబెట్టాయి. చీము పరీక్ష చేయిస్తే మెథిసిలిన్ జాతి మందులకు లొంగని స్టెఫిలోకాకస్ అని తేలింది. "ఆమెను ఇంటికి పంపించెయ్యండి మేడమ్" అన్నారు గదిలోని వాళ్లు. వాళ్ల భయం అబద్ధం కాదు. కానీ ఆ మాట వినగానే నాకు నల్గొండ జిల్లాలో నేను చదువుకున్న హాస్టల్ గుర్తొచ్చింది.

అక్కడ నా తొడ మీద గడ్డ లేచినప్పుడు వార్డెన్ "సుబ్రంగ ఉండుడు మీ ఇంట్ల నేర్పలేదా?" అంది. నా కంచం వేరు చేసి, వరండాలో పడుకోమంది. ఊళ్లో హోటల్లో మా అవ్వకు గ్లాసు వేరు. ఆ వేరుకూ ఈ వేరుకూ తేడా నాకెవరూ చెప్పలేదు.

తేడా ఉంది. ఈ సూక్ష్మజీవి దాదాపు ముగ్గురిలో ఒకరి ముక్కులో ఏ హానీ చేయకుండా ఉంటుంది. చీము అంటిన చెయ్యి, తువ్వాల, చర్మం మీద చిన్న గీత, ఇరుకు గది ఉంటే మరొకరికి చేరుతుంది. కడిగిన కంచంతోనో, పక్కన కూర్చుంటేనో కాదు. మేం తువ్వాల పంచుకున్నది కొంత ప్రేమతో, ఎక్కువ లేమితో.

1945 డిసెంబరులో నోబెల్ ఉపన్యాసంలో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ఒక కథ చెప్పాడు. ఒకాయన గొంతునొప్పికి పెన్సిలిన్ చాలీచాలకుండా వాడతాడు. మందుకు అలవాటుపడ్డ క్రిమి భార్యకు అంటుతుంది. ఆమె చనిపోతుంది. బాధ్యత భర్తదేనంటాడు ఫ్లెమింగ్. తప్పు ఒకరిది, ప్రాణం ఇంకొకరిది. ఈ కథ మనకు కొత్త కాదు. అయితే ఆ లెక్క మన దగ్గర సరిపోదు. రెండు రోజుల మాత్రలకే డబ్బులున్న తల్లిది నిర్లక్ష్యమా? పటాన్‌చెరు వ్యర్థజలాల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. మందు వేసుకునే రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. అక్కడి రైతులు ఆ మురికి ఎవరిదని ఏళ్ల తరబడి కోర్టుల్లో అడగవలసి వచ్చింది. హాస్టల్ పిల్లని మాత్రం ఒక్క క్షణంలో అడిగేస్తాం.

ఆ అమ్మాయిని పంపలేదు. గడ్డకు కట్టు, ఎవరి సబ్బు వారికి, ఎవరి తువ్వాల వారికి, డాక్టరు రాసిన మందు చివరిదాకా. రోజూ ఆమె పక్కన కూర్చుని అన్నం తిన్నాను. అయినా "ఎవరి తువ్వాల వాళ్లదే" అన్నప్పుడల్లా నా గొంతులో ఆ వార్డెన్ వినిపించింది. నేను వేరు చేసింది బట్టనే. ఆ మాట ఆమెకు ఎలా వినబడిందో ఇంకా అడగలేదు.