కట్టువారెవరు? విప్పువారెవరు?

ధ్యానింపవలసిన భాగములు: లూకా 10:25–37, మార్కు 5:1–20, యోహాను 11:38–44



మంచి సమరయుని ఉపమానమును మనము చిన్ననాటినుండి వినుచున్నాము. అతడు జాలిపడి, గాయములు కట్టి, దెబ్బలు తినినవానిని సత్రమునకు చేర్చెను. ఇంతవరకు అందరికిని జ్ఞాపకమే. మరునాడు అతడు పూటకూళ్లవానితో చెప్పినదానిని మాత్రము తరచుగా దాటిపోవుచున్నాము. తాను మరల వచ్చెదనని అతడు చెప్పెను. కట్టు కట్టుట జాలిలో సగము. మరల వచ్చి చూచుట మిగిలిన సగము. ఆసుపత్రులలో మతి తప్పినవారికి ఇచ్చు మందుల విషయములో ఆ రెండవ సగమును గూర్చి ఈ నెల ఆలోచింపగోరుచున్నాము.

విజయవాడ వన్ టౌనులో ఒక కుటుంబమును ఊహించుకొనుడి. ఎనుబది యేండ్ల మామ్మగారు జారిపడగా తుంటి ఎముక విరిగినది. రైలు కట్టకు ఆవల సూర్యారావుపేటలో ఆపరేషన్ జరిగినది. రెండవ రాత్రి ఆమె కన్నకొడుకును గుర్తింపలేదు. చనిపోయిన భర్త గుమ్మములో నిలిచియున్నాడని కేకలు వేసి, సెలైన్ గొట్టము పీకివేసెను. దీనిని మన పెద్దలు సంధి ప్రేలాపన అందురు. వైద్యులు డెలీరియమ్ అందురు. డ్యూటీ డాక్టరు హాలోపెరిడాల్ ఇంజెక్షన్ చేయించెను. ఆమె నిద్రపోయెను, వార్డు నెమ్మదించెను. వారము దాటిన తరువాత డిశ్చార్జి చీటీలో ఆ మందే మాత్రగా వ్రాయబడెను. ఎన్నాళ్లో వ్రాయబడలేదు. కొడుకు ఆ చీటీనే చూపి కాళేశ్వరరావు మార్కెట్టు దగ్గర నెలనెల మాత్రలు కొనుచుండెను. ఆరు నెలలకు ఆమె చేతులు వణకసాగెను, నడక బిగిసెను, నోట చొంగ కారెను, మాట తగ్గెను. వయసు మీదపడినదని చుట్టములు అనుకొనిరి.

దీనిలో దుష్టుడెవడు? ఎవడును లేడు. మొదటి డాక్టరు ఒక రాత్రి కొరకు ఇచ్చెను. తరువాతివాడు ముందువాని మందును కొట్టివేయుటకు జంకెను. తల్లి మందు మానిపించుట ద్రోహమని కొడుకు తలంచెను. అందరును మంచివారే, అయినను ఆమె కట్టబడియున్నది. చెడు తలంపు లేక కట్టిన కట్టును విప్పవలసిన భారము ఎవరిది?

మందును నిందింపరాదు. 1952లో పారిస్ నగరమందు డిలే, డెనికర్ అను వైద్యులు క్లోర్‌ప్రోమజీన్ అను మందును తీవ్రమైన మనోవ్యాధి గలవారికి ఇచ్చి మేలు కనుగొనిరి. 1958లో బెల్జియము దేశములో పాల్ జాన్సెన్ ప్రయోగశాలనుండి హాలోపెరిడాల్ వచ్చెను. ఇట్టి మందులు లేని కాలమందు గెరాసేనుల దేశపువానికి సమాధులును సంకెళ్లును తప్ప మనుష్యులు మరేమియు ఇయ్యలేకపోయిరి. మందులు వచ్చిన తరువాత కూడ సంకెళ్లు పోలేదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో నిప్పంటుకొనగా, గొలుసులతో కట్టబడియున్న మనోరోగులు 28 మంది మరణించిరి. స్కిజోఫ్రీనియా వంటి దీర్ఘవ్యాధి గలవారు అనేకులు ఈ మందుల వలన ఇంటిలో ఉండి, పనిచేసికొని, మనతో కూడ ఆరాధనలో కూర్చుండగలుగుచున్నారు. వారికి మందు సంకెల కాదు, ఊతకర్ర.

అయితే సంధి వేరు. అది చాలసార్లు శరీరము పెట్టు మొర. మూత్రము బిగిసినను, మలబద్ధకమైనను, జ్వరము, నొప్పి, నిద్రలేమి కలిగినను, ఒంటిలో నీరు గాని ఉప్పు గాని తగ్గినను, సారాయి అలవాటు హఠాత్తుగా ఆగిపోయినను వృద్ధుల మతి చెదరవచ్చును. కారణము వెదకి సరిచేయుటయే మొదటి వైద్యము. 2018లో ప్రకటింపబడిన అమెరికా పరిశోధన ఒకటి 16 ఆసుపత్రులలో, ఐసీయూలో సంధి పుట్టిన 566 మందిని పరీక్షించెను. హాలోపెరిడాల్ గాని జిప్రాసిడోన్ గాని పొందినవారికి, మందులేని ద్రవము పొందినవారికంటె సంధి త్వరగా తగ్గలేదు. మతిమరుపు వ్యాధి గల వృద్ధులను గూర్చి 2005లో అమెరికా ఔషధ శాఖ హెచ్చరిక చేసెను. 17 పరిశోధనలలో ఇట్టి మందు పొందినవారిలో నూటికి సుమారు 4.5 వంతున, పొందనివారిలో 2.6 వంతున మరణించినట్లు తేలెను. 2008లో ఆ హెచ్చరిక హాలోపెరిడాల్ వంటి పాత మందులకును వర్తింపజేయబడెను. కాబట్టి రోగి మిక్కిలి భీతిల్లి తనకో ఇతరులకో హాని చేయునట్లుండి, ఇతర ఉపాయములు ఫలింపనప్పుడే, కొద్ది మోతాదులో, కొద్ది దినములకు ఈ మందు ఇయ్యదగినది.

ఇక్కడ మనస్సాక్షి ఒక ప్రశ్న అడుగుచున్నది: ఈ నెమ్మది ఎవరి నిమిత్తము? రోగి భయము తీరుటకా, మన నిద్ర చెడకుండుటకా? ప్రక్క మంచముపైనున్నవాడును మన పొరుగువాడే; అతనికిని నిద్ర కావలెను. రాత్రివేళ ఒక్క నర్సమ్మ ఎందరిని కనిపెట్టగలదు? ఈ కష్టము నిజమైనది. అయినను మన దేశపు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, మానసిక వైద్యశాలలో సిబ్బంది చాలరను హేతువుచేత మాత్రమే రోగిని కట్టివేయరాదని చెప్పుచున్నది. ఆ మాట కట్లను గూర్చినది. కాని మాత్రతోను మనుష్యుని కట్టవచ్చునని మనమెరుగుదుము. ఇతరుల నిమిత్తము ఒక రాత్రి కట్టవలసివచ్చెనా, దానిని ఉన్నదున్నట్లు ఒప్పుకొని, ఉదయమున విప్పుటకు రావలెను. మన నెమ్మది కొరకు ఇచ్చినదానిని రోగి మేలు కొరకని పేరుపెట్టి నెలల తరబడి సాగించుట న్యాయము కాదు.

మన ప్రాంతమునకు దేవుడిచ్చిన మేలొకటి కలదు. 1999లో అమెరికాలో 852 మంది వృద్ధరోగులతో జరిగిన పరిశోధనలో, ఊరు పేరు దినము గుర్తుచేయుట, నడిపించుట, కళ్లజోడు, చెవి మిషను అందించుట, నీరు త్రాగించుట, నిద్రకు సాయపడుట వంటి పనులవలన సంధి పుట్టినవారు నూటికి 15 మందినుండి సుమారు 10 మందికి తగ్గిరి. దాని కొరకు అక్కడ స్వచ్ఛంద సేవకులను తర్ఫీదు చేసిరి. కృష్ణా డెల్టా పల్లెలనుండి వచ్చు రోగి వెంట కూతురో కోడలో క్యారియరుతో కూడ వచ్చి మంచము ప్రక్కనే పడుకొనును. ఈ సేవకు మనలో మనుష్యులున్నారు. ఏమి చేయవలెనో చెప్పువారే కొదువ. అలసి చావగోరిన ఏలీయాకు దేవుడు మొదట పంపినది గద్దింపు కాదు. నిద్ర, రొట్టె, నీళ్లు పంపెను (1 రాజులు 19).

అయితే విప్పుటలోను పాపము కలదు. ప్రార్థన కూటములలో మాత్రలు పారవేయుమని చెప్పు బోధకులున్నారు. దీర్ఘవ్యాధి గలవాడు హఠాత్తుగా మందు మానినయెడల వ్యాధి తిరుగబెట్టి, మునుపటికంటె ఘోరముగా బాధింపవచ్చును. మాన్పదగినప్పుడు కూడ వైద్యుని కనుసన్నలలో, కొంచెము కొంచెముగా తగ్గింపవలెను. లాజరును లేపిన ప్రభువు అతని కట్లు విప్పు పనిని దగ్గర నిలిచియున్నవారికి అప్పగించెను. జీవమిచ్చుట ఆయన పని. జాగ్రత్తగా విప్పుట మన పని.

కాబట్టి మా ఉత్తరమిది. కట్టినవాడే విప్పుటకు మొదటి బాధ్యుడు; ఎప్పుడు, ఎవరు చూచి మాన్పవలెనో అతడు చీటీలో వ్రాయవలెను. అతడు మరచినయెడల అడుగుట మన వంతు. ఇంటికి బయలుదేరకముందే మూడు మాటలు అడుగుడి: ఈ మందు దేనికొరకు? ఎన్నాళ్లు? ఎవరు చూచి మాన్పుదురు? ఇప్పటికే ఏండ్లుగా వాడుచున్నవారు తమంతట తాము మానక, చీటీతో వైద్యునియొద్దకు వెళ్లవలెను. దిక్కుతోచనివారికి ప్రభుత్వపు టెలి మానస్ ఫోను 14416 కలదు. సంఘపెద్దలు రోగులను దర్శించునప్పుడు ప్రార్థించి లేచిపోక, దిండు క్రింది చీటీని కూడ చూడుడి.

స్వస్థత పొందిన గెరాసేనువానిని ప్రభువు తనవారియొద్దకు, ఇంటికి పంపెను. మందిచ్చినను, మాన్పినను, మనము చూడవలసిన గురి అదే.

ప్రభువా, కట్టు కట్టు చేతికి కరుణను, విప్పు చేతికి ఓర్పును దయచేయుము. నెమ్మదిగా ఉన్నారని మేము మరచిపోయినవారిని మాకు జ్ఞాపకము చేయుము. ఆమేన్.