స్మృతియు సత్యమును

స్మరణీయులైన పెద్దలను గూర్చి వ్రాయునపుడు వారి లోపములను చెప్పవలెనా, విడువవలెనా? మారిషస్‌లోని మా దేవాలయ స్థాపకులలో ఒకరిని గూర్చి ఈ సంచికకు నాలుగు మాటలు వ్రాయుమని సంపాదకులు కోరిన నాటినుండి ఈ ప్రశ్న నన్ను వదలలేదు.

ఉద్యోగరీత్యా నేను దుబాయిలోని కరామాలో నివసించుచున్నాను. మా భవనము క్రింది టీ దుకాణమున ఆదివారము ఉదయము కలిసికొను మిత్రులొకరు కలరు. వారిది శ్రీలంకలోని హట్టన్ ప్రాంతము. వారి పూర్వులు కంకాణీల వెంట తమిళదేశమునుండి తేయాకు తోటలకు వెళ్ళిరి. మా పూర్వులు కోరంగి రేవున ఓడ యెక్కి చెఱకు తోటలకు వెళ్ళిరి. పంట వేఱు, బ్రతుకొక్కటియే.

గడచిన మార్చిలో వారు ఒక కొలంబో పత్రికలోని డి.ఎస్. సేనానాయక వర్ధంతి వ్యాసమును ఫోనులో చూపిరి. "దేశపిత అని వ్రాసినారు సార్. నిజమే. మా తాతను దేశము లేనివానిగా చేసినదియు ఆయన ప్రభుత్వమే. అదియు నిజమే గదా?" అని గ్లాసు క్రింద పెట్టిరి.

రెండును నిజమే. 1948 ఫిబ్రవరి 4న రక్తపాతము లేకుండ సిలోను స్వతంత్రమగుటలో సేనానాయక పాత్ర గొప్పది. అంతకు ముందు వ్యవసాయ మంత్రిగా బీడుపడిన భూములకు నీరిచ్చుటకు ఆయన పడిన శ్రమయు గొప్పది. 1952 మార్చి 22న, గుఱ్ఱముపైనుండి పడిన పిదప, మరణించెను. కాని 1948 నాటి 18వ సంఖ్య పౌరసత్వ చట్టము ఆయన ప్రధానిగా నుండగనే వచ్చినది. దానివలన సుమారు 7 లక్షల తోట కార్మికులు ఏ దేశమునకును చెందనివారైరి. మరుసటి యేట ఓటును పోయినది. 1947 ఎన్నికలలో సిలోన్ ఇండియన్ కాంగ్రెస్ 7 స్థానములు గెలిచియుండెనన్న సంగతి ఇచట మఱువరాదు. జి.జి. పొన్నంబలము 1948లో మంత్రివర్గమున చేరగా, ఎస్.జె.వి. చెల్వనాయకము విడిపోయి 1949లో ఫెడరల్ పార్టీని స్థాపించెను. 1964 ఒప్పందమున 5,25,000 మందిని భారతదేశమునకు, 3,00,000 మందిని సిలోనునకు పంచుకొనిరి. మనుష్యులను ధాన్యపు బస్తాలవలె పంచుట! మిగిలినవారికి పౌరసత్వమిచ్చు చట్టము 2003లో గాని రాలేదు.

దేశపిత యను మాట వ్రాసిన విలేకరి అబద్ధమాడలేదు, సగమునొద్ద ఆగెను. తోటలవారి పక్షమున వ్రాయుటకు కోదండరామ నటేశయ్యరు వంటి పత్రికాకర్తలు ఉండిరి. చదువురాని కూలీలకు ఆయన భార్య మీనాక్షి అమ్మాళ్ పాటలు పాడి చెప్పెను. మారిషస్‌లో మణిలాల్ డాక్టర్ 1909లో "హిందుస్థానీ" పత్రికను నెలకొల్పెను. అట్టివారు లేనిచోట తోట యజమానుల లెక్కల పుస్తకమే చరిత్రయగును.

మృతులను గూర్చి మంచియే చెప్పవలెనని మన పెద్దలందురు. రావణుడు పడిన పిమ్మట, పగ మరణముతో తీరినదని చెప్పి శ్రీరాముడు విభీషణునిచే అంత్యక్రియలు చేయించెను. పగ తీరినది, నిజమే. అయినను వాల్మీకి సీతాపహరణమును కావ్యమునుండి తీసివేయలేదు గదా! జీవించియున్నవారిని గూర్చి నిజము వ్రాసినందుకు ఎందరు పత్రికాకర్తలు వెల చెల్లించిరి! సండే లీడర్ సంపాదకుడు లసంత విక్రమతుంగను కొలంబోలో 2009 జనవరి 8న హతమార్చిరి. మృతులను గూర్చి వ్రాయు నాకు కలుగు నష్టమెంత? ముందు వరుసలో కూర్చుండు కొందఱు బంధువుల ముఖము చిన్నబోవుట. అది చిన్న విషయమని నేననను. ఆ మనుమలు నాతో కలిసి గుడి బడిలో ఓనమాలు దిద్దినవారు.

మేము చెప్పుకొను ఆ స్థాపకులు దేవాలయమునకు స్థలమిచ్చిరి, రామభజన నిలిపిరి. వారు తోటలో సర్దారు. ఒక్క దినము పనికి రానివానికి రెండు దినముల కూలి కోయు ఆచారము ఆనాడుండెను. ప్రసవించిన భార్యయొద్ద ఆగిన మా ముత్తాతకు వారు అట్లే చేయించిరని నాయనమ్మ చెప్పెడిది. ఆ ప్రసవమున పుట్టినది తానే. సర్దారు దొరయెదుట స్వతంత్రుడా యని ఎవరైన అడుగవచ్చును. ఆ మాటయు వ్రాసితిని. మా ముత్తాతకు ఛాయాచిత్రము లేదు, శిలాఫలకము లేదు. ఆ వాక్యము తీసివేసినచో ఆయన ఎచటను ఉండడు.

సంపాదకులు చదివి, వ్యాసము బాగున్నదనిరి. "కూలి కోయించిరి" అనుచోట "కూలి కోయబడెను" అని మార్చుమనిరి. నేను మార్చలేదు.