రిక్షా ఎక్కనివాడి లెక్క

కలకత్తాలో మొదటి రెండు రోజులూ మేం ముగ్గురం బుద్ధిగా లిస్టు ప్రకారమే తిరిగాం. 1921లో తెరిచిన విక్టోరియా మెమోరియల్, 1943లో మొదలైన హౌరా బ్రిడ్జి, దేశంలో మొట్టమొదటి మెట్రో (1984) ఇదే కదా అని అందులో ఒక రౌండు. కాలేజీ రోజుల్నుంచీ వాయిదా పడుతూ వచ్చిన ట్రిప్పు ఇది. అప్పుడు డబ్బుల్లేవు, ఉద్యోగాలొచ్చాక సెలవుల్లేవు. ఆ కరువు వల్లనేమో, ఏది చూసినా ఫోటో తీసుకోవడం, తర్వాతేంటి అనడం.

రెండో రోజు సాయంత్రం న్యూ మార్కెట్ దగ్గర ఆ పరుగు ఆగింది. ఎదురుగా చేత్తో లాగే రిక్షా. లాగే మనిషికి అరవై దాటి ఉంటాయి. చేతిలో చిన్న గంట.

"ఎక్కుదాం రా" అన్నాడు ఒకడు.

"మనిషి లాగుతుంటే మనిషి కూర్చోవడమా? నావల్ల కాదు" అన్నాడు రెండోవాడు.

"నువ్వు ఎక్కకపోతే ఆయన రాత్రికేం తినాలి మరి?"

నడిరోడ్డు మీద వాదన. అదీ ఆ పెద్దాయన ముందే, తెలుగు అర్థం కాదులే అన్న ధైర్యంతో. చివరికి మొదటివాడు ఎక్కాడు, రెండోవాడు నడిచాడు. నేను ఫోటో తీశాను.

రాత్రి హోటల్ రూంలో మళ్లీ అదే గొడవ. ఈసారి తీర్పు నన్ను చెప్పమన్నారు.

డబ్బులిస్తున్నాం కాబట్టి తప్పు లేదు అనడం నాకు మింగుడు పడదు. బిమల్ రాయ్ 'దో బీఘా జమీన్' (1953)లో శంభు పొలం నిలబెట్టుకోవడానికి ఈ ఊరొచ్చి రిక్షా లాగుతాడు. ఇంకా వేగంగా లాగితే ఇంకా ఇస్తానంటాడు ఎక్కినవాడు. శంభు పరిగెత్తుతాడు, చక్రం ఊడుతుంది. ఇద్దరూ ఒప్పుకున్న బేరమే అది. అయినా చూస్తుంటే కడుపులో తిప్పుతుంది.

అలాగని ఎక్కకపోతే న్యాయం జరిగినట్టేనా? ఇది అమానుషం, ఆపేస్తామని 2005లో అప్పటి ముఖ్యమంత్రి బుద్ధదేవ్ భట్టాచార్య ప్రకటించారు. 2006లో అసెంబ్లీ చట్టాన్ని సవరించింది కూడా. అయినా రిక్షాలు పోలేదు. లాగేవాళ్లలో చాలామంది బీహార్ నుంచి వచ్చి, ఇంటికి డబ్బు పంపేవాళ్లు. ఇది వద్దన్నవాళ్లు మరొకటి చూపించాలి కదా. మాథెరాన్ రిక్షాల విషయంలో 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆరు నెలల్లో ఆపేయమంటూనే, లాగేవాళ్లకు ఈ-రిక్షాలతో బతుకుతెరువు చూపించమంది. రెండో సగం లేకపోతే మొదటి సగం మన మనశ్శాంతికి తప్ప దేనికీ పనికిరాదు.

ఇదంతా చెప్పి, ఇద్దరిదీ సగం సగం కరెక్టే అని తేల్చేశాను. మధ్యవర్తికి ఉండే సుఖమే వేరు.

అప్పుడు ఎక్కినవాడు ఒక మాటన్నాడు. "ఆయనది బీహార్‌లో ఏదో పల్లెటూరట. ఛఠ్ పండక్కి వెళ్తాడట. మోకాలు నొప్పి అన్నాడు, సగం దూరం దిగి పక్కనే నడిచాను. నువ్వు ఆయనతో ఏం మాట్లాడావు?"

ఏమీ మాట్లాడలేదు. మనిషిని కేవలం సాధనంగా వాడుకోకు అంటాడు కాంట్. ఆ లెక్కలో ఎక్కినవాడు వాడుకున్నాడు నిజమే, కానీ "కేవలం" అనలేం. డబ్బిచ్చాడు, నొప్పి సంగతి విన్నాడు. ఎక్కనివాడు అసలు వాడుకోనే లేదు. నేను మాత్రం అడక్కుండా ఆయన్ని తీసుకుని, పైసా ఇవ్వకుండా, ఎటూ మొగ్గనందుకు మంచివాణ్ణనుకున్నాను. గంట పట్టుకున్న ఆ చెయ్యి చాలా బాగా వచ్చింది ఫోటోలో. మొహం సరిగ్గా పడలేదు.

డిలీట్ చేద్దామనుకున్నాను. అది కూడా చేతులు కడుక్కోవడమే అనిపించి ఆగాను.

మూడో రోజు పొద్దున రెండోవాడు తనే అన్నాడు, "ఎక్కనందుకు బాధ లేదురా. ఆయన ముందు అలా వాదించాం చూడు, అదే బాగాలేదు." లిస్టు పక్కన పెట్టి మళ్లీ న్యూ మార్కెట్ వైపు వెళ్లాం. చాలా రిక్షాలున్నాయి, ఆయన లేడు. ఉంటే ఏం మాట్లాడేవాణ్ణో నాకూ తెలీదు. నాకొచ్చిన హిందీలో, ముందు మోకాలి గురించి అడిగేవాణ్ణేమో.