తెలియక పలికిన మాట

అర్థం తెలియకుండా పలికిన మాటకు ఫలం ఉంటుందా, దోషం ఉంటుందా అన్న ప్రశ్నను భారతీయ శాస్త్రకారులు ఎక్కువగా వేదమంత్రాల విషయంలోనే చర్చించారు గాని, అది పసిపిల్లల నోటి మాటకూ అంతే వర్తిస్తుంది. సిద్దిపేట జిల్లాలో దీని రెండు కొసలనూ చూడవచ్చు. వసంత పంచమి నాడు వర్గల్ విద్యా సరస్వతి ఆలయంలో తండ్రి ఒడిలో కూర్చున్న బిడ్డ, పళ్ళెంలోని బియ్యంలో వేలు కదిలిస్తూ, పెద్దలు పలికించిన మంత్రాక్షరాలను ఒక్కటీ అర్థం కాకుండానే పలుకుతుంది. చుట్టూ ఉన్నవారు మురిసిపోతారు. కొద్ది వారాలకే కాముని పున్నమి వస్తుంది. కోలలు కొడుతూ జాజిరి పాటలతో ఇల్లిల్లూ తిరిగే గుంపులో పెద్ద పిల్లల నుంచి పట్టుకున్న ఒక బూతు చరణాన్ని అదే బిడ్డ ఇంటికొచ్చి చుట్టాల ముందు గొంతెత్తి పాడితే, తల్లి ముఖం మాడిపోతుంది, మేనమామ నవ్వు ఆపుకోలేక పక్కకు తిరుగుతాడు, చివరకు వీపు మీద ఒక దెబ్బ పడుతుంది. రెండు చోట్లా అజ్ఞానం ఒక్కటే.

మంత్రాలకు అర్థమే లేదని కౌత్సుడు వాదించినట్లు యాస్కుడు నిరుక్తంలో, అంటే వైదిక పదాల వ్యుత్పత్తిని వివరించే గ్రంథంలో, పేర్కొని ఆ వాదాన్ని ఖండించాడు. అర్థమెరుగని అధ్యయనాన్ని గట్టిగానే నిందించాడు. భాగవతం షష్ఠ స్కంధంలోని అజామిళోపాఖ్యానం దీనికి ఎదురుగా నిలుస్తుంది. మరణభయంతో కొడుకును 'నారాయణా' అని పిలిచిన అజామిళుణ్ణి విష్ణుదూతలు యమభటుల నుంచి విడిపిస్తారు. గుణం తెలియక తీసుకున్నా మందు పనిచేసినట్లే నామమూ పనిచేస్తుందని వారి వాదం. అరబ్బీ రాని పిల్లలు ఖురాన్ పఠించినా ప్రతి అక్షరానికీ పది పుణ్యాలు దక్కుతాయన్న ముస్లింల విశ్వాసం కూడా ఈ దిశలోనిదే.

అయితే ధ్వనికే శక్తి ఉందని ఒప్పుకుంటే బూతు ధ్వనికీ దోషం ఒప్పుకోవలసి వస్తుంది. సంప్రదాయం ఆ పని చేయలేదు. ఉపనయనానికి ముందు బాలుడు తన ఇష్టం వచ్చినట్లు నడవవచ్చు, మాట్లాడవచ్చు, తినవచ్చు అని గౌతమ ధర్మసూత్రం అనుమతించింది. ఇలా సంప్రదాయం తెలియని మంచి మాటను జమ కట్టి, తెలియని చెడ్డ మాటను కొట్టివేసింది. తర్కానికి నిలవకపోయినా ఇది దయగల లెక్క అనే చెప్పాలి. దెబ్బ వేసిన ఇల్లు మాత్రం ఆ లెక్కను పాటించదు. అక్కడి సిగ్గు అర్థం తెలిసిన పెద్దలది, శిక్ష అర్థం తెలియని బిడ్డకు.

పిల్లలకు భాష ఎలా వస్తుందో మీమాంసకులు చెప్పిన సిద్ధాంతం ఇక్కడ పనికివస్తుంది. దాని పేరు వృద్ధవ్యవహారం, అంటే పెద్దల మాటనూ దాని వెంట జరిగే పనినీ గమనించి అర్థాన్ని ఊహించడం: ఒకరు 'ఆవును తీసుకురా' అనగా మరొకరు తెచ్చినప్పుడు, చూస్తున్న బాలుడికి ఆ మాటల అర్థం తెలుస్తుంది. బూతు మాట విషయంలో బిడ్డ ముందున్న వ్యవహారం తల్లి ముఖమూ, ఆ దెబ్బా మాత్రమే కనుక, మాట దేన్ని చెబుతుందో తెలియకముందే ఎవరి ముందు పలకకూడదో తెలుస్తుంది. మిగిలిన అర్థాన్ని తోటి పిల్లలను అడిగి త్వరలోనే పూరించుకుంటుంది. మంత్రం విషయంలో ఎవరి ముఖమూ మారదు. పైగా మెప్పు దొరుకుతుంది కాబట్టి అడగవలసిన అవసరమే తోచదు. అందుకే పెరిగి పెద్దవారై, పీటల మీద కూర్చుని, పురోహితుడు సంకల్పమంతా చదివి అడిగినప్పుడు 'మమ' అని ఊరుకునేవారిలో చాలామంది ఆ సంకల్పంలో తమ పేర, తమ గోత్రాన ఏమేమి కోరారో ఎన్నడూ అడిగి ఉండరు.