దొరికిన వస్తువు – అస్తేయ వ్రతము

ధర్మాధర్మ విచారము చేయునపుడు మన మనస్సు సాధారణముగా గొప్ప సంఘటనల వైపునకే పోవుచుండును. సర్వస్వమును దానము చేసినవారు, సత్యముకొఱకు రాజ్యమును విడిచినవారు మనకు జ్ఞప్తికి వత్తురు. అట్టి పరీక్షలు మనలో పెక్కుమందికి జీవితమున ఒక్కసారియైనను రావు. మనకు వచ్చునవి చిన్న పరీక్షలు. అవి ముందుగా చెప్పి రావు. బస్సులో కూర్చుండగా సీటు సందున ఎవరిదో మొబైల్ ఫోను కనబడును. చుట్టునున్నవారెవరును మనవైపు చూచుట లేదు. ఆ క్షణమున మనము ఏమి చేయుదుము? చేసిన పిమ్మట, చేయవలసినదంతయు చేసితిమని మనకు మనము చెప్పుకొనగలమా? ఈ ప్రశ్న అల్పమైనదిగా తోచవచ్చును. నాకును ఒకప్పుడు అట్లే తోచినది.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక గురువారము సాయంకాలము నేను అమలాపురమునుండి రాజమహేంద్రవరమునకు బస్సులో వచ్చుచుంటిని. దిగబోవు సమయమున సీటునకును గోడకును నడుమ ఒక ఫోను కనబడినది. అది పాతది. అద్దము ఒక మూల పగిలియుండెను. వెనుకనున్న తొడుగులో ఒక చిన్న దేవుని పటమును, మడిచిన పది రూపాయల నోటును కలవు. దానిని నా సొత్తు చేసికొనవలెనను కోరిక నాకు లేశమును కలుగలేదు. ఇది గొప్పకై చెప్పుమాట కాదు. అట్టి ఫోను నాకెందులకును పనికిరాదు. “ఎవరిదో, పాపము! ఇచ్చివేయవలెను” అనుకొని సంచిలో వేసికొంటిని. ఇల్లు చేరులోపల అది రెండుసార్లు మ్రోగినది. వీధిలో రద్దీగానున్నదని తీయలేదు. ఇంటికి వచ్చునప్పటికి సంధ్యాసమయమైనది. మరునాడు మా ఇంట గ్రంథపారాయణము. పదిమంది మిత్రులు రానుండిరి. ఫోను మాటిమాటికి మ్రోగినచో జపమునకు, పారాయణమునకు భంగము కలుగునని తలచి, దానిని ఆపివేసి బీరువాలో పెట్టితిని. శనివారము పోలీసు స్టేషనులో అప్పగింతునని నిశ్చయించుకొని, మంచిపని చేయుచున్నానను తృప్తితో నిద్రించితిని.

శనివారము ఉదయము ఫోనును మరల తెరచితిని. సందేశములు ఒకదానివెంట ఒకటిగా వచ్చిపడినవి. కొలది నిమిషములకే అది మ్రోగినది. ఒక వృద్ధురాలు పొరుగింటివారి ఫోనునుండి మాటలాడుచుండెను. “బాబుగారూ, అది నాదేనండి. రెండ్రోజుల్నుంచి చేత్తానే ఉన్నామండి” అన్నది. ఆమెది కోనసీమలో ఒక పల్లె. ఆమె కుమార్తె కువైట్‌లో ఒకరి ఇంట పనిచేయుచున్నది. ఆ యింటివారు ఆమెకు శుక్రవారము మధ్యాహ్నము మాత్రము తీరిక నిత్తురు. ఆరేండ్ల బిడ్డ అమ్మమ్మవద్ద పెరుగుచున్నది. ఆ తల్లీబిడ్డలు వారమునకొకమారు, ఆ పగిలిన అద్దములోనే ఒకరినొకరు చూచుకొందురు. “నిన్న పిల్ల అన్నం ముట్టుకోలేదండి. అమ్మ ఫోను రాలేదని ఒకటే ఏడుపు. దాని నంబరు మాకెవరికీ నోటికి రాదండి. అన్నీ అందులోనే ఉన్నాయి” అని ఆమె చెప్పినది. ఆ మాటలలో నిందయేమియు లేదు. జరిగినదానిని జరిగినట్లు చెప్పినది, అంతియే.

నేను దొంగతనము చేయలేదు. కాని ఆ బిడ్డయొక్క ఒక శుక్రవారమును తీసికొంటిని. దానిని మరల ఇచ్చుట నాకు సాధ్యము కాదు.

అప్పటినుండి అస్తేయమను పదము నాకు వేరొక విధముగా వినబడుచున్నది. పతంజలి మహర్షి యోగసూత్రముల రెండవ పాదమున అహింస, సత్యము, అస్తేయము, బ్రహ్మచర్యము, అపరిగ్రహము అను ఐదింటిని యమములుగా చెప్పియున్నాడు. పరద్రవ్యమును అన్యాయముగా గ్రహింపకుండుట మాత్రమే గాక, దానియందు స్పృహయే లేకుండుట అస్తేయమని వ్యాసభాష్యము వివరించుచున్నది. నాకా ఫోనునందు స్పృహ లేదు. కావున నేను వ్రతభంగము చేయలేదని వాదింపవచ్చును. కాని పతంజలి వెంటనే మఱియొక మాట చెప్పినాడు. ఈ యమములు జాతి, దేశ, కాల, సందర్భములచే హద్దు కట్టబడనప్పుడే మహావ్రతమగునట. “ఈ దినము పారాయణమున్నది, ఎల్లుండి చూతము” అను మాట కాలముచేతను, సందర్భముచేతను హద్దు కట్టుట కాదా? నాకు ఫోనుమీద ఆశ లేకపోవచ్చును. నా విశ్రాంతిమీద, నా పారాయణముమీద ఆశ కలదు. పరుని అవసరమును త్రోసివేసి మన సౌఖ్యమును కాపాడుకొన్నచో, అదియును ఒక విధమైన పరస్వీకారమే. అది పూజాగృహమున జరిగినంతమాత్రమున పవిత్రము కాజాలదు.

పూర్వము పోయిన వస్తువు అనగా ఒక ఉంగరమో, ఒక ఆవో, ఒక మూటయో అయియుండెను. వాని విలువ వానిలోనే యుండెడిది. నేటి ఫోను అట్టిది కాదు. దాని వెల కొన్ని వేల రూపాయలు కావచ్చును. కాని దానిలో యజమాని బ్యాంకు ఉన్నది, గుర్తింపు పత్రములున్నవి, మరణించిన తండ్రి కంఠస్వరమున్నది, వైద్యుడు వ్రాసిన మందుల చీటియున్నది. ఒకప్పుడు మనుష్యుడు నలుగురి నంబర్లు కంఠస్థము చేసియుండెడివాడు. నేడు ఆ జ్ఞాపకమును సైతము దానియందే దాచుకొనినాడు. అందుచేత దానిని పోగొట్టుకొన్నవాడు వస్తువును మాత్రమే గాక తనవారిని చేరు త్రోవను గూడ పోగొట్టుకొనుచున్నాడు. దొరికినవాని చేతిలోనున్నది ఆ త్రోవయే. దానిని మూసియుంచిన ప్రతి గంటయు యజమానికి దుఃఖకారణమే.

దొరికిన వస్తువునకు మనము యజమానులము కామని మన పెద్దలు స్పష్టముగా ఎఱుగుదురు. యజమాని తెలియని వస్తువును రాజు మూడు సంవత్సరములు భద్రపఱుపవలెనని మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమున విధింపబడినది. నాదియని వచ్చినవాడు దాని రూపమును, సంఖ్యను, పోయిన చోటును, కాలమును సరిగా చెప్పవలెను. చెప్పజాలని యెడల ఆ వస్తువు విలువకు సమానమైన దండన పొందవలెను. నేటి చట్టమును ఈ త్రోవనే నడచుచున్నది. 1872వ సంవత్సరపు భారత కాంట్రాక్టు చట్టము 71వ సెక్షను ప్రకారము, పరుని వస్తువు దొరికి దానిని తన వశమునకు తీసికొన్నవానికి, ఇతరులు నమ్మి అప్పగించిన సొమ్మును కాపాడువానికి ఉండు బాధ్యతయే కలుగును. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షను మఱియొక విషయమును తేటపఱుచుచున్నది. యజమానికి చేర్చుటకై వస్తువును తీసినవాడు అపరాధి కాడు. యజమాని ఎవరో తెలిసియు, తెలిసికొను మార్గముండియు, తగిన ప్రయత్నము చేయకయే దానిని తన ఉపయోగమునకు పెట్టుకొన్నవాడు అపరాధి యగును. వానికి ఆరు నెలలకు తక్కువ కాకుండ రెండు సంవత్సరముల వఱకు కారాగారమును, జుల్మానాయును విధింపవచ్చును. “ముట్టుకొన్నచో మనమీదికే కేసు వచ్చును, మనకేల?” అని చూచియు చూడనట్లు పోవువారు ఈ భేదమును గమనింపవలెను. మంచి తలంపుతో తీసి, ఆలస్యము చేయక చేర్చువానికి చట్టమువలన భయము లేదు.

అట్లయిన ఫోను దొరికినప్పుడు ఏమి చేయవలెను? మొదటిది, దానిని ఆపివేయరాదు. నేను చేసిన తప్పు అదియే. చార్జింగు లేని యెడల పెట్టి సజీవముగా ఉంచవలెను. ఏలననగా, యజమాని మొట్టమొదట చేయు ప్రయత్నము తన నంబరునకు తానే ఫోను చేయుట. మ్రోగినప్పుడు తీసి, ఎక్కడ దొరికినదో చెప్పవలెను. తాళము వేసియున్న ఫోనునకు గూడ వచ్చిన పిలుపును అందుకొనవచ్చును. కొన్ని ఫోనులలో తాళము తీయకయే అత్యవసర సమాచారమును చూచు వీలు కలదు. అది యజమాని పరులకొఱకే ఉంచినది గావున చూచుటలో దోషము లేదు. సిమ్ కార్డును తీయరాదు. ఈ పనులలో త్వరపడుటకు మఱియొక కారణమున్నది. యజమాని నిరాశ చెంది అదే నంబరునకు క్రొత్త సిమ్ తీసికొన్నచో, మనవద్దనున్న సిమ్ మూగవోవును. అటుపిమ్మట ఆ ఫోను ఎంతసేపు ఎదురుచూచినను మ్రోగదు.

ఫోను రాని యెడల, బస్సులో దొరికినదానిని డిపో అధికారికిని, రైలులో దొరికినదానిని స్టేషను మాస్టరుకో రైల్వే పోలీసులకో, ఇతరత్ర దొరికినదానిని దగ్గఱి పోలీసు స్టేషనునందును అప్పగించి రసీదు తీసికొనవలెను. ప్రతి ఫోనునకు పదునైదు అంకెల ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్య యొకటి యుండును. పోగొట్టుకొన్నవారు ఆ సంఖ్యను తెలిపి ఫోనును అడ్డగింపజేసికొనుటకు కేంద్ర టెలికాం శాఖవారు 2023లో సంచార్ సాథీ అను వేదికను ఏర్పఱచినారు. కావున పోలీసులకు చేరిన ఫోనునకు యజమానిని కనుగొను మార్గము కలదు. నాదియని ఎవరైన వచ్చిన యెడల, మనువు చెప్పిన పరీక్షయే చేయవలెను. రంగును, తయారీదారుని పేరును ఎవరైనను చెప్పగలరు. తాళము తీయగలవాడు, ఎక్కడ ఎప్పుడు పోయినదో పొంతనగా చెప్పగలవాడు యజమాని. జాలిపడి పరీక్షింపక ఇచ్చుట, యజమాని సొమ్మును మనము దానము చేయుట వంటిది.

ఇక సూక్ష్మమైన విషయమొకటి మిగిలియున్నది. కొందఱి ఫోనులకు తాళముండదు. యజమానిని కనుగొనుటకని తెరచి, ఇంటివారి పేరుగల నంబరు కనబడగానే ఆగుట ధర్మము. అచ్చట ఆగక, ఛాయాచిత్రములను, ఉత్తరములను చూచుచు పోవుట దొంగతనమే. తలుపు తెరచియుండుట లోనికి రమ్మని ఆహ్వానించుట కాదు. పోయిన ధనమును తిరిగి ఇయ్యవచ్చును. చూచిన రహస్యమును చూడనట్లు చేసి తిరిగి ఇయ్యలేము. తాళమున్నందున మాత్రమే చూడనివాని నీతియును ఆలోచింపదగినదే. తాళము కాపాడినది వస్తువును. మనస్సును కాపాడుకొనవలసిన పని మనది.

ఆ వృద్ధురాలు ఆనాటి మధ్యాహ్నమే మనుమరాలితో వచ్చినది. తాళము తీసి చూపినది. తరువాత కొంగున కట్టుకొన్న రెండువందల రూపాయలను తీసి నా చేతిలో పెట్టబోయినది. యజమాని బహుమానము ప్రకటించిన యెడల దానిని కోరుటకు దొరికినవానికి చట్టమున హక్కు కలదు. ప్రకటింపని యెడల తన శ్రమకై దావా వేయు హక్కు లేదు. ఇచ్చట హక్కుల ప్రసక్తియే లేదు. నేను వలదంటిని. ఆమె ముఖము చిన్నవోయినది. “అయితే ఇవైనా పుచ్చుకోండి” అని సంచిలోనుండి రెండు కొబ్బరికాయలు తీసినది. నిరాకరించుటలో గూడ ఒక గర్వము దాగియుండునని అప్పుడు తెలిసి, వానిని స్వీకరించితిని. “సల్లగా ఉండండి బాబూ” అని ఆమె దీవించినది. ఆ బిడ్డ మాత్రము నావైపు చూడలేదు. రెండు చేతులతో ఫోనును పట్టుకొని, అది ఎప్పుడు మ్రోగునా యని చూచుచుండెను.

ఆ దీవెన నన్ను బాధించినంతగా ఏ నిందయు బాధింపలేదు. మహాభారతము శాంతిపర్వమున శంఖలిఖితుల కథ కలదు. లిఖితుడు అన్న యాశ్రమమున అన్న లేని సమయమున, అడుగకయే పండ్లు తినెను. అది చౌర్యమని శంఖుడు చెప్పగా, అతడు సుద్యుమ్న మహారాజు కడకు పోయి శిక్షను కోరెను. రాజు క్షమింపజూచినను, లిఖితుడు అంగీకరింపక దండననే వేడుకొనెను. బయటివారు క్షమించినంతమాత్రమున లోపలి లెక్క తీరదని అతడు ఎఱిగియుండెను. నన్ను దొంగ యని చెప్పుటకు శంఖునివంటి అన్న లేడు. చట్టము నన్నేమియు అనలేదు. ఆమె దీవించినది. కావున తీర్పు చెప్పవలసినది నా యంతరాత్మయే.

నేను చేసికొన్న నియమము చిన్నది. పరుల వస్తువు నా చేతికి వచ్చినచో, అది యజమానిని చేరువఱకు, లేదా చేర్పగలవారికి అప్పగించువఱకు, నా ఇతర కార్యములన్నియు దాని తరువాతనే, జపమైనను సరే. భగవంతుడు మన జపమునకై వేచియుండగలడు. ఆరేండ్ల బిడ్డ శుక్రవారము సాయంకాలము వేచియుండలేదు.