కనిపెట్టుచున్న ఇల్లు

ధ్యాన భాగము: రోమా 8:18–25



మన తెలుగు బైబిలులో కనిపెట్టుట అను మాట తరచుగా కనబడును. మన పల్లెలలో ఈ మాటకు రెండర్థములు కలవు. చేనికి కాపలాయున్నవాడు పంటను కనిపెట్టుకొని యుండును, అనగా కాచుకొని యుండును. దూరదేశము వెళ్లిన బిడ్డకొరకు తల్లి కనిపెట్టుకొని యుండును, అనగా ఎదురుచూచుచుండును. కాచుట, ఎదురుచూచుట రెండును ఒక్క మాటలోనే యిమిడియున్నవి. ఈ నెల మనము ఆ మాటనుగూర్చియే ధ్యానింతము.

పౌలు రోమా సంఘమునకు వ్రాయుచు, సృష్టి యావత్తు ప్రసవవేదన పడుచున్న తల్లివలె మూలుగుచున్నదనియు, దేవుని కుమారులు బయలుపడు దినముకొరకు అది తేరిచూచుచున్నదనియు చెప్పుచున్నాడు. మనుష్యులు మాత్రమే కాదు, సృష్టి యావత్తు అనెను. కొట్టములోని గేదె, చూరులోని పిచ్చుక, పొయ్యిగడ్డ ప్రక్కన పండుకొను పిల్లి ఇవన్నియు ఆ మాటలో చేరియున్నవి. మన అరువదియారు గ్రంథములలో ఇంటిపిల్లి ప్రస్తావన లేదు. అయినను పేరు చెప్పబడని జీవిని దేవుడు మరచెనని యెవరును తలంపకూడదు. ఒక పిల్లియు, దాని పిల్లలకొరకు కనిపెట్టిన ఒక కుటుంబమును మా సంఘమునకు నేర్పిన పాఠమును మీతో పంచుకొనగోరుచున్నాము.

ఆ కుటుంబము గోదావరి నడుమ ఒక లంకలో కాపురముండెను. మామ్మగారు, ఆమె కుమారుడు, తొమ్మిదేండ్ల మనుమడు, ఆరేండ్ల మనుమరాలు. కోడలు ఇంటిపనికి కువైటు వెళ్లి అప్పటికి రెండేండ్లు. మన గోదావరి జిల్లాలలో ఇట్టి ఇండ్లు ఎన్ని కలవో మీరెరుగుదురు. తండ్రి కొబ్బరి దింపునకు పోవును. మామ్మగారు ఉదయమే లేచి ప్రార్థన చేసికొని, పొయ్యి రాజవేసి, పిల్లలను బడికి పంపును. రాత్రి అన్నములైన తరువాత టీవీలో వార్తలు చూతురు. ఆ పిమ్మట ఫోనులో కువైటునుండి తల్లి ముఖము చూతురు. ఇదియే వారి దినచర్య.

అది 2022వ సంవత్సరము. ఆ యేట వార్తలు భారముగా నుండెను. ఫిబ్రవరి 24న రష్యా సేనలు యుక్రెయిను దేశముమీదికి పోయెను. అక్కడ వైద్యవిద్య చదువుచున్న మన తెలుగు బిడ్డలు అనేకులు బంకర్లలో తలదాచుకొని, సరిహద్దులు దాటి యిల్లు చేరిరి. మన తణుకునుండి వెళ్లి అక్కడ స్థిరపడిన ఒక వైద్యుడు మాత్రము, తాను పెంచుకొన్న జాగ్వారును నల్ల చిరుతను విడిచి రానని నేలమాళిగలోనే నిలిచిపోయెనని మార్చి నెలలో పత్రికలు వ్రాసెను. కొందరు అతని ప్రేమను మెచ్చుకొనిరి, కొందరు వెఱ్ఱి యనిరి. తరువాత మే 24న, కోనసీమ జిల్లాకు అంబేద్కరుగారి పేరు చేర్చుటనుగూర్చి అమలాపురములో అల్లర్లు చెలరేగి, ఒక మంత్రిగారి యిల్లును ఒక శాసనసభ్యుని యిల్లును కాలెను. జిల్లాలో ఇంటర్నెట్టు నిలిపివేయబడెను. ఎక్కడో దూరమందున్న మంట మన గుమ్మమునకే వచ్చినట్లాయెను. పక్కపక్క వీధులవారు ఒకరి ముఖమొకరు చూచుకొనుటకు జంకిన దినములవి. ఆ లంకలోని పిల్లలకు మాత్రము కష్టము వేరొక రీతిగా తెలిసెను. రాత్రివేళ తల్లి ముఖము కనబడకపోయెను.

జూన్ మొదటి వారములో వారి పిల్లి కడుపుతో నున్నదని మామ్మగారు గుర్తించెను. బాలుడు ఆ సంగతి తల్లికి చూపగోరెను, ఫోనులో చూపుటకు వీలులేకపోయెను. "మామ్మా, ఇంకెన్ని రోజులే?" అని అడిగెను. "ఆషాఢంలో పెడతాదిరా. అస్తమానూ దాని చుట్టూ తిరక్కు, బెదిరిపోద్ది" అని ఆమె చెప్పెను. పిల్లికి సుమారు తొమ్మిది వారములు గర్భము నిలుచును. ఎన్ని వారములు గడచెనో తెలియదు గనుక బాలుడు బొగ్గుముక్కతో గోడమీద దినమునకొక గీత గీయ నారంభించెను. వెదురు తట్టలో పాత చీర పరచి అటకమీద పెట్టిరి. చెల్లెలు తన పాలలో కొంత మిగిల్చి దానికి పోయుచుండెను. కొన్ని దినములకు ఇంటర్నెట్టు తిరిగి వచ్చినప్పుడు, తల్లి కువైటులోని వంటగదిలో నిలువబడి ఆ గీతలన్నియు లెక్కించెను.

జూలై రెండవ వారమున వార్తలలో గోదావరి మొదలాయెను. భద్రాచలమువద్ద ఇన్ని అడుగులు, ధవళేశ్వరమువద్ద ఇన్ని లక్షల క్యూసెక్కులు అని గంటగంటకు చెప్పుచుండిరి. తండ్రి అదే గోడమీద ఇటుకముక్కతో నీటిమట్టమునకు గుర్తులు పెట్టసాగెను. 16వ తేదీన భద్రాచలమువద్ద నీరు 71 అడుగులు దాటెను. ధవళేశ్వరమునుండి 25 లక్షల క్యూసెక్కులకు పైగా సముద్రమునకు పోయెను. 1986 ఆగస్టులో 35 లక్షలు దాటిన వరదను చూచిన పెద్దలు సహితము, జూలైలో ఇంత నీరా యని ఆశ్చర్యపడిరి.

లంకకు పడవ వచ్చిన ఉదయముననే పిల్లి అటకమీద మూడు పిల్లలను పెట్టెను. నీరు అరుగు ఎక్కుచుండెను. పడవవాడు, "మామ్మగారూ, మనుషులకే చోటు లేదండీ, పిల్లినేం చేసుకుంటారు?" అనెను. అతని మాట అన్యాయమైనది కాదు. అప్పుడామె తన ట్రంకు పెట్టెను పడవలోనుండి దింపించి, "దాని చోటే దీనిది బాబూ" అని చెప్పి, తట్టను ఒడిలో పెట్టుకొని కూర్చుండెను. ఆ పెట్టెలో ఆమె పెండ్లినాటి ఇత్తడి గిన్నెలును, కోడలు పంపిన దుప్పట్లును ఉండెను. పెట్టెను అరుగుమీదనే విడిచి వచ్చెను.

బడిలో ఏర్పరచిన పునరావాస కేంద్రములో మేము వారిని చూడబోయినప్పుడు కొందరు సణుగుచుండిరి. "ఊళ్లు మునిగిపోతుంటే ఈ పిల్లి గోలేంటండీ అయ్యగారూ?" అని ఒకాయన మమ్మును అడిగెను. ప్రియులారా, ఇది కొట్టివేయదగిన ప్రశ్న కాదు. యుద్ధము, అల్లరి, వరద నిండిన లోకములో చిన్నదానికొరకు సంతోషముతో కనిపెట్టుట తగునా? వాక్యము మనకు మూడు సంగతులు నేర్పుచున్నది.

మొదటిది, దేవుని జాలి మన లెక్కలకంటె వెడల్పైనది. జలప్రళయమున దేవుడు నోవహును మాత్రమే కాక, ఓడలోనున్న సమస్త జంతువులను జ్ఞాపకము చేసికొనెనని ఆదికాండము 8:1 తెలుపుచున్నది. యోనా గ్రంథము ఎట్లు ముగియుచున్నదో చూడుడి. నీనెవెలోని లక్షయిరువది వేలకు మించిన జనులను గూర్చి మాటలాడుచు, దేవుడు వారితోకూడ పశువులనుకూడ లెక్కించెను. గ్రంథము ఆ పశువులతోనే ముగియును. యోనా యొక చెట్టునుగూర్చి విచారపడెను. దేవుడు పట్టణమంతటినిగూర్చి విచారపడెను. నీతిమంతుడు తన పశువు ప్రాణమునుగూర్చి శ్రద్ధగలవాడని సామెతలు 12:10 బోధించుచున్నది. అయితే మామ్మగారు ఎవని చోటును తీసికొనలేదని గమనించుడి. పిల్లికొరకు మరియొక మనుష్యుని దింపలేదు, తన పెట్టెను దింపెను. ఇతరుల ఖర్చుతో జాలిపడుట సులభము. మన సొంత పెట్టెను దింపినప్పుడే అది ప్రేమ. మనకొరకు ప్రభువు తన మహిమను విడిచి దిగివచ్చిన రీతి యిదియే గదా?

రెండవది, కనిపెట్టుట పనిలేక కూర్చుండుట కాదు. ఆ యింట తట్ట సిద్ధపరచిరి, చీర పరచిరి, పాలు మిగిల్చిరి, గీతలు గీసిరి. ఈ డెల్టా చరిత్రయు ఇదే చెప్పుచున్నది. 1832–33లో నందన కరువు మన ప్రాంతములను పీడించెను. కాటనుదొర ధవళేశ్వరమువద్ద ఆనకట్ట పని 1847లో మొదలుపెట్టగా 1852లో పూర్తియాయెను. ఆ సంవత్సరములన్నియు జనులు నీటికొరకు ఎదురుచూచిరి. ఎదురుచూచుచునే రాయి మోసిరి, మట్టి త్రవ్విరి. ప్రభువు రాకడకొరకు కనిపెట్టుచున్నామని చెప్పుకొనుచు, పక్కింటి విధవరాలికి బియ్యము ఉన్నవో లేవో చూడని సంఘము నిజముగా కనిపెట్టుచున్నదా? కాచుట లేని ఎదురుచూపు సగము మాటయే.

వార్తలను గూర్చి ఇక్కడ ఒక మాట. వార్తలు వినవలెను, వినకుండిన పడవవేళ తప్పిపోవును. కాని పగలంతయు రాత్రియంతయు భయమునే త్రాగుచున్నవాడు, తన చేతికందిన పనిని చేయలేడు. అమలాపురపు మంటల దినములలో వినిన ప్రతి మాటను మరి నలుగురికి మోసినవారు కలరు, పొరుగింటికి వెళ్లి, "మీరు బాగున్నారా?" అని అడిగినవారును కలరు. వార్త మనయొద్దకు వచ్చునది. సువార్త మనలను ఒకరియొద్దకు పంపునది.

మూడవది, కన్నులు తెరువబడు దినము కలదు. పిల్లిపిల్లలు కన్నులు మూసికొని పుట్టును, చెవులును మూసికొనియుండును. బడి గదిలో ఆ బాలిక వాటిని చూచి, "మామ్మా, ఇవి గుడ్డివా?" అని యేడ్చెను. బలవంతముగా రెప్పలు విడదీసినయెడల హాని కలుగును. వారము, పది దినములు ఆగవలెను. ఈలోగా రెండవ దినముననే ఒక పిల్ల చనిపోయెను. బాలుడు దానిని బడి ప్రహరీ ప్రక్కన పూడ్చి, మేము ప్రార్థన చేయుదుమా యని అడుగగా చేసితిమి. నిరీక్షణ యున్నచోట దుఃఖముండదని మేము బోధింపము. మూలుగుచు నిరీక్షించుచున్నామనియే పౌలు చెప్పెను.

మన దేశములో శ్రీవైష్ణవ పెద్దలు మర్కట కిశోర న్యాయము, మార్జాల కిశోర న్యాయము అని రెండు మాటలు చెప్పుకొనిరి. కోతిపిల్ల తానే తల్లిని పట్టుకొనును; పిల్లిపిల్లను తల్లియే నోటకరచుకొని మోయును. సువార్త నెరిగిన మనము ఆ రెండవ మాటను విని తల యూచుదుము. అరణ్యములో తండ్రి కుమారుని మోసినట్లు దేవుడు ఇశ్రాయేలును మోసెనని ద్వితీయోపదేశకాండము 1:31లోను, తల నెరయువరకు ఆయనయే మనలను ఎత్తుకొనునని యెషయా 46:4లోను చదువుచున్నాము. తట్టలోని ఆ పిల్లలకు వరదయు తెలియదు, పడవయు తెలియదు. తల్లి వెచ్చదనము మాత్రమే తెలియును. మన విశ్వాసమును అనేక దినములు అంతే. ఎచ్చటికి పోవుచున్నామో కనబడదు. ఎవరు మోయుచున్నారో యెరుగుదుము.

నీరు తీసి వారు ఇల్లు చేరిన తరువాత, తొమ్మిదవ దినమున ఒక పిల్లకు ఒక కన్ను తెరువబడెను. ఆ రాత్రి తల్లికి ఫోనులో చూపిరి. ఇత్తడి గిన్నెల పెట్టె దొరకలేదు. వరద గోడమీది బొగ్గుగీతలను కడిగివేసెను. బాలుడు క్రొత్తగా మరల గీతలు మొదలుపెట్టెను, ఈసారి తల్లి రాకడకొరకు. ఆమె వచ్చుటకు ఇంకను పది నెలలు పట్టెను. గోడ చాలక తలుపు వెనుకకూడ గీతలు గీసెనని మామ్మగారు మాతో చెప్పెను.

కాబట్టి ప్రియులారా, మీ యిండ్లలో ఈ నెల మూడు పనులు చేయుడి. దూరదేశమందున్న వారి పేర్లు కుటుంబ ప్రార్థనలో ఒక్కొక్కటిగా ఉచ్చరించుడి. గోదావరికి మొదటి హెచ్చరిక వినినప్పుడే పశువుల కట్టుత్రాళ్లు విప్పి ఏటిగట్టు మీదికి తోలుడి, చివరి గంటవరకు ఆగకుడి. ఒక చిన్నవాడు చిన్న సంతోషముతో మీయొద్దకు వచ్చినప్పుడు, లోకమందు పెద్ద దుఃఖములు కలవని వానిని త్రోసివేయకుడి. పుట్టబోవు బిడ్డనుగూర్చిన ఆనందమును ప్రభువు తన శిష్యుల దుఃఖవేళనే వారి ముందుంచెను (యోహాను 16:21).

ప్రార్థన: సమస్త జీవులను సృజించిన తండ్రీ, పేరు లేనివారిని సహితము జ్ఞాపకముంచుకొను దేవా, దూరమందున్న తల్లులను, ఎదురుచూచు పిల్లలను, ఏటి ఒడ్డున నివసించు మా ప్రజలను కాపాడుము. మా పెట్టెలను దింపుకొను ప్రేమను మాకు దయచేయుము. మా కన్నులు తెరువబడు దినమువరకు నీ చేతులలో మమ్మును మోయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.