ఆకాశంలో మెరుపు - మన సాక్ష్యం

వేసవి వస్తే పల్నాటి ఇళ్లలో సగం కాపురం డాబా మీదే. మగ్రిబ్ నమాజు ముగిసి, అన్నాలు తిని, మాచర్ల, గురజాల వైపు పల్లెల్లో పక్కలు పైకి చేరుస్తారు. పిడుగురాళ్ల సున్నపు బట్టీల పొగకు దూరంగా ఉన్న ఊళ్లలో ఆకాశం ఇప్పటికీ బాగానే కనిపిస్తుంది. అలా పడుకుని చూసేవారి కంట అప్పుడప్పుడూ ఒక వింత పడుతుంది. నక్షత్రం లాంటిది నిదానంగా కదులుతూ, ఉన్నట్టుండి శుక్రగ్రహాన్ని మించి వెలిగి, కొన్ని క్షణాల్లోనే మాయమవుతుంది. "అబ్బా, అదేంటి?" అని పిల్లలు అడుగుతారు. ఆ ప్రశ్నకు మనం ఏం చెబుతున్నామన్నదే మా ఈ వ్యాసానికి విషయం.

అది కృత్రిమ ఉపగ్రహం. దానికి సొంత వెలుగు లేదు. మనకు పొద్దు గూకినా, వందల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఆ ఉపగ్రహం మీద ఇంకా ఎండ పడుతూనే ఉంటుంది. ఎండలో అద్దం తిప్పితే ఎదుటి గోడ మీద వెలుగు తునక పరుగెత్తినట్లే, దాని పలకల మీద పడిన ఎండ ఒక్కోసారి సరిగ్గా మన ఊరి మీదుగా సాగిపోతుంది. 1997 నుంచి ప్రయోగించిన ఇరీడియం ఫోను ఉపగ్రహాలు ఈ మెరుపులకు ప్రసిద్ధి. సుమారు 780 కిలోమీటర్ల ఎత్తున తిరిగిన వాటికి తలుపంత నున్నటి యాంటెన్నాలు మూడేసి ఉండేవి. ఏ ఊరివారికి ఏ దిక్కున, ఏ నిమిషాన మెరుపు కనిపిస్తుందో ముందే లెక్కగట్టి చెప్పేవారు. 2017-2019 మధ్య కొత్త తరం ఉపగ్రహాలు వాటి స్థానంలోకి రావడంతో ఆ మెరుపులు దాదాపు ఆగిపోయాయి. 2019 మే నుంచి మాత్రం స్టార్‌లింక్ ఉపగ్రహాలు మొదలయ్యాయి. ప్రయోగించిన కొద్ది రోజుల పాటు అవి పూసల దండలా బారులు తీరి పోతాయి.

ఇలాంటి వెలుగును ఫోనులో తీసి, ఫలానా పుణ్యాత్ముడు కన్నుమూసిన రాత్రి కనిపించిన అద్భుతమనో, ప్రళయానికి సూచన అనో రాసి నలుగురికీ పంపితే ఏమవుతుంది? "నలుగురి ఈమాన్ పెరుగుతుంది కదా, నష్టమేముంది?" అని అడిగేవారున్నారు. ఈ మాట దుర్మార్గుల నోట రాదు, మంచివారి నోటనే వస్తుంది. కాబట్టే దీన్ని పరిశీలించక తప్పదు.

హిజ్రీ 10వ సంవత్సరంలో దైవప్రవక్త ముహమ్మద్ (స) గారి పసిబిడ్డ ఇబ్రాహీం చనిపోయిన రోజునే సూర్యగ్రహణం పట్టింది. ఆ గ్రహణం 632 జనవరి 27న సంభవించిందని ఖగోళ శాస్త్రజ్ఞుల గణన. ఆ బిడ్డ మరణం వల్లనే సూర్యుడు చీకటి పడ్డాడని ప్రజలు చెప్పుకోసాగారు. కాస్త ఆలోచించండి. ఎవరూ కల్పించి చెప్పలేదు. మరణం నిజం, గ్రహణం నిజం. ఆయన మౌనంగా ఉంటే చాలు, అరేబియా అంతటా ఆ మాట పాకిపోయి ఉండేది. కాని ఆయన అంత దుఃఖంలోనూ దాన్ని సాగనివ్వలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలని, ఎవరి చావుపుట్టుకల కోసమూ వాటికి గ్రహణం పట్టదని ప్రజలకు స్పష్టం చేశారు. అలాగని గ్రహణాన్ని మామూలు విషయంగా వదిలేయనూ లేదు. ప్రజలతో కలిసి సుదీర్ఘంగా నమాజు చేశారు. భక్తి అలాగే ఉంది, తప్పుడు ముడి మాత్రం తెగిపోయింది.

తన గౌరవాన్ని పెంచే అసత్యాన్నే దైవప్రవక్త (స) ఒప్పుకోనప్పుడు, ధర్మానికి మేలని మనం అసత్యాన్ని మోయడం ఏ విధంగా సమంజసం? పైగా ఆ మేలు కూడా నిలిచేది కాదు. నాన్న అద్భుతమని చెప్పిన వెలుగు ఒక యంత్రపు మెరుపని కొడుకు కాలేజీలో తెలుసుకుంటాడు. ఆ తర్వాత అదే నాన్న పరలోకం గురించి చెప్పిన మాటను కూడా అదే త్రాసులో వేసి తూస్తాడు. ఆ కొడుకును తప్పుపట్టలేం.

భయపెట్టే వార్త సంగతి తెలుగునాట పెద్దలకు బాగా తెలుసు. 1979లో స్కైలాబ్ మన నెత్తిన పడుతుందని పల్లెపల్లెనా హడలిపోయారు. ఎలాగూ పోతామని మేకల్నీ కోళ్లనూ కోసుకు తిన్నవారి కథలు ఇప్పటికీ చెప్పుకుంటారు. జూలై 11న దాని శకలాలు హిందూ మహాసముద్రంలోనూ పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ పడ్డాయి. ఏదైనా వార్త వస్తే ముందు విచారించమని హుజురాత్ సూరా మనల్ని ఆదేశిస్తోంది. వాట్సాప్‌లో వచ్చిన వార్తకు అందులో మినహాయింపు ఏమీ లేదు.

మరి కళ్లారా చూశామనేవారి సంగతేమిటి? నెలవంక కోసం మనం పడమటి దిక్కు చూసే వేళ, ఉపగ్రహాలు మెరిసే వేళ దాదాపు ఒకటే. చూసినంత వరకే సాక్ష్యం చెప్పాలి. "ఒక వెలుగు కదిలి ఆరిపోయింది" అన్నది సాక్ష్యం. "అది ఫలానా సూచన" అన్నది మన ఊహ. ఊహను సాక్ష్యంలో కలిపితే సాక్షి నిజాయితీపరుడైనా సాక్ష్యం చెడుతుంది.

పాత చరిత్ర గ్రంథాల్లో ఒక ఉదంతం ఉంది. బస్రా నగరంలో కొందరు నెలవంక కోసం చూస్తున్నారు. వారిలో హజ్రత్ అనస్ బిన్ మాలిక్ (రజి) ఉన్నారు. అప్పటికి ఆయనకు నూరేళ్లు దగ్గరపడ్డాయి. అదిగో నెలవంక అని ఆయన చూపించారు. మరెవరికీ కనిపించలేదు. తెలివికి పేరుపడ్డ ఇయాస్ బిన్ ముఆవియా పక్కనే ఉన్నారు. ఆయన వృద్ధుడి మాట కాదనలేదు, వాదనకూ దిగలేదు. దగ్గరకు వెళ్లి చూస్తే, నెరిసిన కనుబొమ వెంట్రుక ఒకటి వంగి కంటికి అడ్డంగా ఉంది. దాన్ని మెల్లగా సవరించి, ఇప్పుడు ఎక్కడుందో చూపించమని మర్యాదగా అడిగారు. అనస్ (రజి) మళ్లీ చూశారు. ఇప్పుడు కనిపించడం లేదని చెప్పారు.